ఎనిమిది అడుగుల గొట్టం లేని ఆర్గన్

మా గుడిలో, అంటే మా చర్చిలో, ఆర్గన్ నెత్తిన గొట్టాలుండేవి. నడుమ ఉన్నది అన్నిటికన్నా పొడుగు, అక్కణ్ణుంచి అటూ ఇటూ తగ్గుకుంటూ వచ్చేవి. బంగారు రంగు పూత, దాని మీద నీలం తీగలు. చూడ్డానికి మహా దర్జా. ఒక్కటీ పలికేది కాదు. కర్రని తొలిచి రంగేసి నిలబెట్టినవంతే. అసలు శబ్దమంతా కింద పెట్టెలో, గాలి తగిలితే ఊగి పలికే చిన్న చిన్న ఇత్తడి నాలుకల్లో, అంటే రీడ్లలో ఉండేది.

నేను విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కీ సముద్రానికీ నడుమ వీధుల్లో పెరిగాను. ఆ చుట్టుపక్కల గుళ్లకి కొదవ లేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ దిగింది ఈ ఊళ్లోనే. ఇక్కడే తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. హార్బరు పక్కన రాస్‌హిల్ మీద మరియమ్మ గుడి, దాని పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి. ఆదివారం పొద్దున్న గంటలు ఒకదాని వెనక ఒకటి మోగేవి. మాది వాటన్నిటి మధ్య ఒక చిన్న గుడి. పేరు చెప్పను. చెబితే ఆర్గన్ ఎవరి వల్ల పాడైందన్న పాత తగువు మళ్లీ లేస్తుంది.

అది మా గుడికి ఎలా వచ్చిందన్నదానికి పెద్దలు రెండు కథలు చెప్పేవారు. దొరల కాలంలో ఓడలో వచ్చిందని ఒకటి. హార్బరు తెరిచింది 1933లో. అంతకు ముందు ఓడలు లోతు నీళ్లలోనే లంగరేస్తే, సరుకు పడవల మీద ఒడ్డుకి చేరేది. మా తాత ఈ కథ చెప్పినప్పుడల్లా ఆర్గన్‌ని పడవలో వెల్లకిలా పడుకోబెట్టి, నలుగురు జాలర్లని దాని గొట్టాలు పట్టించి కూర్చోబెట్టేవాడు. మద్రాసులో దింపి రైల్లో తెచ్చారన్నది రెండోది. 1890ల్లోనే మనకి రైలు వచ్చేసింది కాబట్టి ఇదే నమ్మదగ్గ మాట. కానీ మొదటిదే బాగుంటుంది.

కంపెనీ పేరు రాసిన చోట తరతరాల క్రిస్మస్ పాలిష్ పడి అక్షరాలు మిగల్లేదు. రకం మాత్రం స్పష్టం. అమెరికన్ ఆర్గన్ అంటారు దాన్ని. అక్కడ ఒకప్పుడు ఇవి ఇంటింటి వస్తువు. వెర్మాంట్ రాష్ట్రంలో బ్రాటిల్‌బరో అనే ఊళ్లోని ఎస్టీ కంపెనీ ఒక్కటే అయిదు లక్షలకి పైగా చేసింది. పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ 1840ల్లో పేటెంట్ తీసుకున్న హార్మోనియంకి ఇది వరసకి తమ్ముడు. తేడా అంతా గాలి నడకలో ఉంది. హార్మోనియంలో తిత్తి గాలిని రీడ్ల మీదికి తోస్తుంది. అమెరికన్ ఆర్గన్‌లో తిత్తి లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. మెట్టు, అంటే వేలితో వాయించే కీ, నొక్కగానే గదిలోని గాలి రీడు సందులోంచి లోపలికి జొరబడుతుంది. అందుకే దాని గొంతు మెత్తన. అందుకే గదిలో ఉన్న దుమ్ము కూడా దాని కడుపులోకే పోతుంది. వన్‌టౌన్‌లో ఇది చిన్న విషయం కాదు.

వాయించేది మా సండే స్కూల్ టీచరుగారు. వారం రోజులూ మునిసిపల్ బళ్లో పాఠాలు, ఆదివారం ఆర్గన్. ఆవిడకి మోకాళ్ల వాతం. తిత్తిని ఆడించే రెండు పెడళ్లూ మార్చి మార్చి తొక్కడం ఆవిడ వల్ల కాక, ఆ పనికి మగపిల్లలకి వంతులేసేవారు. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఆవిడ చీర కుచ్చిళ్లకి తగలకుండా ఒదిగి కూర్చుని, రెండు చేతులతో పెడళ్లు నొక్కాలి. గుడంతా ఆవిడ వేళ్లు చూస్తుంటే నేను పెట్టె అడుగు చూసేవాణ్ణి. పాత కర్ర వాసన, వార్నిషు, ఎలకల వాసన. పెడళ్ల చుట్టూ ఎలకలు దూరకుండా రేకు బిగించి ఉండేది. ఎలకలు దూరలేని పెడళ్లని అమెరికా కంపెనీలు గొప్పగా ప్రకటనలు వేసుకునేవట. మా ఎలకలు వాటిని చదివినట్టు లేదు.

"గాలియ్యరా బాబూ, పాట పడిపోతంది!" అనేవారు పెదవులు కదపకుండా. మరీ జోరుగా నొక్కితే, "ఏటా తొందర? రైలెక్కాలా?"

మోకాళ్లతో పక్కకి నెట్టే మీటలు రెండుండేవి. వాటిని మాత్రం నొప్పిని ఓర్చుకుని ఆవిడే నెట్టేవారు. కుడిది నెడితే శబ్దం పెరుగుతుంది. ఎడమది నెడితే స్టాపులన్నీ, అంటే ఏ రీడ్లు పలకాలో తేల్చే గుబ్బలన్నీ, ఒక్కసారి తెరుచుకుని ఆర్గన్ మొత్తం పలుకుతుంది. కింద కూర్చున్నవాడికి గండం ఈ ఎడమ మీటే. అన్ని రీడ్లూ ఒక్కసారి గాలి అడిగేసరికి తిత్తి చప్పున కుంగిపోయేది. ఆఖరి చరణం వస్తోందని పాటని బట్టి కనిపెట్టి, ముందే కూడబెట్టుకోవాలి. మాకు కీర్తనల పుస్తకం కంఠతా వచ్చింది భక్తి వల్ల కాదు.

మెట్ల పైన తెల్లటి మూతలున్న గుబ్బలు పదకొండు ఉండేవి, స్టాపులు. ఎడమ నుంచి వరసగా: సబ్ బేస్, బేస్ కప్లర్, డయపాసన్, డల్సియానా, వయోలా, ఫోర్టె, వాక్స్ హ్యుమానా, ఫ్లూట్, మెలోడియా, సెలెస్ట్, ట్రెబుల్ కప్లర్. ఇంగ్లీషు కూడా కాని ఈ పేర్లని మేం ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. మెట్లు 61. అందులో ఎడమవైపు 24కి ఒక జట్టు స్టాపులు, కుడివైపు 37కి ఇంకో జట్టు. డయపాసన్, మెలోడియా అని రెండు పేర్లున్నా అవి ఒకే వరస రీడ్ల రెండు ముక్కలు. వయోలా, ఫ్లూట్ కూడా అంతే, రెండో వరస. డల్సియానా అయితే శుద్ధ మోసం. దానికంటూ రీడ్లే లేవు. డయపాసన్ రీడ్ల మీది మూతని సగమే తెరుస్తుంది, శబ్దం తగ్గుతుంది, కొత్త పేరు వస్తుంది. వాక్స్ హ్యుమానా అంటే గాలికి తిరిగే చిన్న ఫంకా. అది తిరుగుతుంటే స్వరం వణికేది. సబ్ బేస్‌కి అట్టడుగు మెట్లలో 13 రీడ్లు. సెలెస్ట్ ఒక్కటే నిజాయితీగా కుడివైపు 37 మెట్లకీ విడిగా 37 రీడ్లు పెట్టుకుంది. వాటిని మెలోడియా కంటే ఒక్క పిసరు ఎక్కువ శ్రుతికి తయారుచేస్తారు. రెండూ కలిపి వాయిస్తే స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ అలలు అలలుగా వస్తాయి. ప్రభువు బల్ల ఆరాధనకి ఆవిడ తీసేది ఆ గుబ్బే. అన్నీ కలిపితే 172 రీడ్లు.

ప్రతి గుబ్బ మీదా పేరు కింద ఒక అంకె: ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులు, సబ్ బేస్‌కి పదహారు. పెట్టె మొత్తం నిలువెత్తు లేదు, పదహారు అడుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? టీచరుగారిని అడిగితే, "అది పెద్దార్గన్ కొలత. ఇంగ్లండులో ఉంటాదది" అన్నారు. ఆ పెద్దార్గన్ నా బుర్రలో చాలా ఏళ్లు ఉండిపోయింది. కాలేజీ రోజుల్లో లైబ్రరీలో ఎన్‌సైక్లోపీడియా తీసి చదివింది మొదట దాని గురించే.

పెద్దార్గన్ అంటే పైప్ ఆర్గన్. దాని పుట్టుక క్రీస్తుకి ముందు మూడో శతాబ్దం. అలెగ్జాండ్రియాలో టెసిబియస్ అనే ఇంజనీరు నీటి బరువుతో గాలిని నిలకడగా ఉంచి గొట్టాల్లోకి పంపాడు. గుళ్లోకి రావడం చాలా తరవాతి మాట. అంతవరకూ అది రాజుల, ఆటల మైదానాల వాద్యం. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి 757లో ఫ్రాంకుల రాజు పెపిన్‌కి కానుకగా పంపిన వస్తువుల్లో ఒక ఆర్గన్ ఉందని చరిత్రకారులు ప్రత్యేకంగా రాసిపెట్టారంటే, అప్పటికి పడమటి దేశాల్లో అదెంత వింతో ఊహించుకోవచ్చు.

ప్రతి పైప్ ఆర్గన్‌కీ స్పెసిఫికేషన్ అని ఒక జాబితా ఉంటుంది. ఎన్ని కీబోర్డులు, దేనికి ఏ స్టాపులు, ఒక్కొక్కటి ఎన్ని అడుగులు. గ్రేట్ అనేది ముఖ్యమైన కీబోర్డు. స్వెల్ కీబోర్డు గొట్టాలు తలుపులున్న పెద్ద పెట్టెలో ఉంటాయి, ఆ తలుపులు తెరుస్తూ మూస్తూ శబ్దాన్ని పెంచి తగ్గిస్తారు. కాళ్లతో వాయించడానికి ఇంకో వరస మెట్లు. ఎనిమిది అడుగులంటే, ఆ స్టాపులో అన్నిటికన్నా కింది సి స్వరం పలికే గొట్టం పొడవు. సెకనుకి సుమారు 65 కంపనాలు. నాలుగు అడుగులంటే ఒక స్థాయి పైకి, పదహారంటే ఒక స్థాయి కిందకి. గొట్టం కొసని మూసేస్తే సగం పొడవుతోనే ఆ స్వరం వచ్చేస్తుంది, జాగా లేని గుళ్లలో ఈ కిటుకు బాగా వాడతారు. 61 మెట్లుంటే ఒక్కో స్టాపుకీ 61 గొట్టాలు. ఇరవై స్టాపులంటే అప్పుడే పన్నెండు వందలు దాటాయి. పెద్దవి చెక్కతోనో లోహంతోనో, చిన్నవి తగరం, సీసం కలిపిన లోహంతో, పెన్సిలంత దాకా. గొట్టాల్లో రెండు జాతులు. పిల్లనగ్రోవిలా గాలి అంచుకి తగిలి పలికేవి కొన్ని, సన్నాయిలా పీక కొట్టుకుని పలికేవి కొన్ని. ఎండ ముదిరితే మొదటి జాతి శ్రుతి పెరుగుతుంది, రెండోది అంతగా పెరగదు. పొద్దున్న కలిసిన రెండూ మధ్యాహ్నానికి విడిపోతాయి. ఇక మన వైశాఖమాసంలో దాని సంగతి చెప్పక్కర్లేదు.

అంటే మా ఆర్గన్ మీది అంకెలు దానివి కావు, దాని పెద్దలవి. వేలెడు రీడుకి ఎనిమిది అడుగుల గొట్టం స్వరమిచ్చి, ఆ గొట్టం కొలతే పేరు పక్కన రాసుకున్నారు. నాకిది దొంగతనంగా అనిపించలేదు. మన ఇళ్లలో ఇంటిపేర్లు ఉన్నది ఇందుకే కదా.

కీర్తనల దగ్గరికొచ్చేసరికి ఆర్గన్‌కి చిక్కొచ్చేది. ఇంగ్లీషు రాగాల పాటలైతే నాలుగు గొంతుల హార్మనీతో హాయిగా సాగిపోయేవి. కానీ మా పుస్తకంలో సగం మన రాగాలవి. పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలుకుని ఎందరో కట్టినవి. పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ముఖారి, తోడి, ఆనందభైరవి. స్వరానికీ స్వరానికీ మధ్య జారుడు లేకపోతే ముఖారి ముఖారి కాదు. ఆర్గన్‌కి ఆ జారుడు లేదు. మెట్టు నొక్కితే ఆ స్వరమే, వదిలితే లేదు. ఈ తప్పుకే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంని వెలేసి 1971 దాకా రానివ్వలేదు. నన్నడిగితే ఆ తీర్పు మరీ కఠినం. టీచరుగారు అంత చదువు లేకుండానే మంచి దారి కనిపెట్టారు. కీర్తన మొదలవగానే గుబ్బలన్నీ లోపలికి తోసేసి, డల్సియానా ఒక్కటి ఉంచి, షడ్జమ పంచమాలు మాత్రం పట్టుకుని కూర్చునేవారు. పాడేది మనుషులు, తబలా వెనకాల. ఆర్గన్ శ్రుతిపెట్టె అయిపోయేది. కింద నాకు కూడా అదే సుఖం, రెండు రీడ్లకి ఎంత గాలి కావాలి గనక.

దాన్ని బతికించింది మాత్రం మా ఫిట్టర్ బాబాయి. రైల్వే లోకోషెడ్‌లో పని, గుళ్లో క్వయర్‌లో బేస్ గొంతు. మా ఊరి గాలి ఆర్గన్‌కి పడదు. వానాకాలం కర్ర ఉబ్బి మెట్లు బిగుసుకుపోయి, నొక్కిన స్వరం లేవదు. ఆరాధన అయిపోయాక కూడా ఒక స్వరం మూలుగుతూనే ఉండేది. ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పుపట్టి విరిగేవి. తిత్తి బట్ట మడతల దగ్గర చిరిగేది. బాబాయి దాని మీద పల్చటి గొర్రెతోలు వేసి, వడ్రంగులు వాడే వజ్రం అనే జిగురుని కుంపటి మీద కరగబెట్టి అతికించేవాడు. ఆ వజ్రం కంపుకి గుడి ఆవరణలో ఎవరూ నిలిచేవారు కాదు. రీడు శ్రుతి తప్పితే కొక్కెంతో బయటికి లాగి, నాలుక కొస దగ్గర సన్నగా గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. గీకింది మళ్లీ అతకదు. అందుకని బాబాయి ముందు దుమ్ము ఊది, మెత్తటి కుంచెతో తుడిచి, మళ్లీ విని, అప్పటికీ తప్పితేనే గీకేవాడు. పది రీడ్లు బయటికి తీస్తే ఎనిమిదింటి జబ్బు దుమ్మే.

ఉద్యోగంలో చేరాక ఆఫీసు పని మీద మద్రాసు పంపారు. ఎగ్మోర్ స్టేషన్‌కి దగ్గర్లోనే సెయింట్ ఆండ్రూస్ గుడి, అక్కడివాళ్లు కర్క్ అంటారు. థామస్ డి హావిలాండ్ బావుల పునాది మీద కట్టిన గుండ్రటి గుడి, 1821లో తెరిచారు. గుమ్మటం లోపలంతా నీలం. అందులో పైప్ ఆర్గన్ ఉందని తెలిసి ఆదివారం ఉదయం ఆరాధనకి వెళ్లాను. ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ ఊళ్లోని పీటర్ కొనాకర్ కంపెనీ 1883లో చేసింది. దాని గొట్టాలు నిజంగా గొట్టాలే.

మొదటి స్వరం నా చెవి కన్నా ముందు నేను కూర్చున్న బల్లకి తెలిసింది. కింది స్వరాలు వినపడవు, తగులుతాయి. పాట మొదలైంది, పెరిగింది, ఆఖరి చరణంలో అన్నీ తెరిచారు. నా చేతులు ఒళ్లోనే బిగుసుకున్నాయి, తిత్తి కుంగిపోతుందేమోనని. కుంగలేదు. గాలి ఇసుమంతైనా తగ్గలేదు. కరెంటు వచ్చాక అంతా మోటారు బ్లోయర్ల పని. అంతకుముందు ఐరోపా అంతటా ఆర్గన్ వెనక తిత్తులు తొక్కడానికి కూలికి మనుషులుండేవారు. కొత్త ఆర్గన్ని పరీక్షించడానికి పిలిస్తే జర్మన్ సంగీతకారుడు బాఖ్ మహాశయుడు ముందు స్టాపులన్నీ ఒక్కసారే లాగి వాయించి, దీని ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూద్దామనేవాడని ఆయన కొడుకు రాశాడు. ఆ పూట వెనకాల తొక్కినవాళ్లేమనుకున్నారో ఎవరూ రాయలేదు.

అంత పెద్దది విన్నాక మాది చిన్నబోయిందా అంటే, కొంత చిన్నబోయింది. ఇంగ్లీషు పాటలకి దానికి సాటి లేదు. కానీ ఆ శబ్దానికి మనుషుల అవసరం లేదు. జనం పాడినా మానినా అది నిండుగానే ఉంటుంది. మాదానికి పాడేవాళ్లు తగ్గితే వెలితి తెలిసేది, తొక్కేవాడు అలిసిపోతే అదీ తెలిసేది. కీర్తన పక్కన కూర్చోడానికి అదే తగింది అని నా అభిప్రాయం. మా టీచరుగారితో ఈ మాటంటే, "నువ్వు పెద్దార్గన్ చూసొచ్చి ఇలగంటావేటిరా" అని నవ్వారు. అదెలా ఉంది, ఎన్ని కీబోర్డులు, కాళ్లతో వాయించేవాళ్లకి మోకాళ్లు నొప్పెట్టవా అని మాత్రం గంటసేపు అడిగారు.

ఆవిడ పోయాక ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. ఆర్గన్‌ని గోడవారకి జరిపి దాని మీద పూలకుండీలు పెట్టారు. తరవాత 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్. మా గుడి కప్పు రేకులు కొన్ని లేచిపోయి, ఆ రోజంతా, రాత్రంతా వాన సరాసరి దాని మీదే పడింది. నీళ్లకి వజ్రం కరిగిపోతే ఇంకేముంది, పైచెక్క పొరలు పొరలుగా లేచింది, తిత్తి ఊడిపోయింది. ఎండబెడదామని వెనక పలక తీస్తే లోపల ఎలక గూడు, కీర్తనల పుస్తకం కాగితాలతో కట్టుకున్నది. ఇత్తడి మాత్రం ఇత్తడే. రీడ్లు పచ్చగా చిలుము పట్టాయి తప్ప ఒక్కటీ విరగలేదు. వాటిని వరస తప్పకుండా అట్టల మీద గుచ్చి పాస్టరుగారింట్లో దాచాం.

పోయినేడు యూత్ పిల్లలు దాన్ని మళ్లీ లేవదీస్తామని పట్టుబట్టారు. వాళ్లలో ఇద్దరు ఇంజనీరింగు కుర్రాళ్లు. తొక్కేవాళ్లు ఎక్కడ దొరుకుతారని వేక్యూమ్ క్లీనర్ మోటారు బిగించారు. లాగే ఆర్గన్ కాబట్టి ఆ ఆలోచన సరైనదే, విదేశాల్లో కూడా చేస్తారట. మోటారు గోల రీడ్ల కంటే ఎక్కువైందని పెద్దలు గొడవపడితే, దాన్ని వరండాలోకి మార్చి కిటికీలోంచి పైపు లాగారు. కొత్త తిత్తికి రబ్బరు పూసిన బట్ట వేశారు. రీడ్లన్నీ తోమి, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, ఒక్కొక్కటీ గీకి ముల్లు సరిగ్గా నడిమికి వచ్చేదాకా దిద్దారు. అంత శ్రద్ధ మా కాలంలో లేదు. దిద్దినవాటిలో సెలెస్ట్ రీడ్లు కూడా ఉన్నాయి. ఆ గుబ్బ లాగితే ఇప్పుడు అల రావడం లేదు, మెలోడియా కాస్త గట్టిగా పలుకుతోందంతే.

ఆ 37 రీడ్లనీ మళ్లీ ఒక్క పిసరు ఎక్కించాలి. ఎంత అన్నదే పేచీ. అల నిదానంగా, ఊపిరి తీసినట్టు ఉండేదని నేనంటాను. కాదు, ఇంకా చురుగ్గా ఉండేదని పాత క్వయర్‌లో ఆల్టో పాడిన మా మేనత్త అంటుంది. "కింద కూర్చున్నోడివి నీకేటి తెలుస్తాది, వినేవాళ్లం మేం కదా" అని ఆవిడ వాదన. వచ్చే శనివారం ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఒక్క రీడుతో మొదలుపెడతామన్నారు కుర్రాళ్లు.